పాత కేథడ్రల్స్, పాత బంగళాలు: బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద ఎలా తీయాలి

ఇంగ్లండ్‌లో చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు వీకెండ్ దొరికితే ఏదో ఒక కేథడ్రల్‌కో, పాత ప్రభువుల బంగళాకో వెళ్తుంటారు. ఫోన్‌తో బోలెడు ఫొటోలు తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే అక్కడ కనిపించిన చీకటి ఫొటోలో ఉండదు. ఫోన్ ప్రతి మూలనూ వెలిగించేస్తుంది, కిటికీనీ కింది బెంచీనీ ఒకే స్థాయికి తెచ్చేస్తుంది. ఆ కట్టడాల అందమంతా కిటికీ దగ్గర మొదలైన వెలుతురు స్తంభం స్తంభానికీ ఎలా తగ్గుతూ పోతుందో అందులోనే ఉంది. దాన్ని పట్టుకోవాలంటే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మంచి సాధనం. ఫిల్మ్ కెమెరా లోడ్ చేయడం, ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో కాస్త తెలిసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ దారిలో ముందు నడిచినవాడు ఫ్రెడరిక్ ఎవాన్స్. లండన్‌లో పుస్తకాల దుకాణం నడిపిన మనిషి. 1896లో కెల్మ్‌స్‌కాట్ మేనర్ అనే పాత ఇంటి అటకను, 1903లో వెల్స్ కేథడ్రల్‌లో అరిగిపోయిన రాతి మెట్లను తీశాడు. రెండు ఫొటోలూ ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతాయి. బయల్దేరే ముందు వాటిని ఓ పది నిమిషాలు చూడండి. అటక ఫొటోలో దూలాలు, చెక్కనేల తప్ప ఏమీ లేదు. అయినా వెలుతురు ఎటు నుంచి వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో వేలుపెట్టి చూపించొచ్చు. మీ ఫొటోలో కూడా అలా చూపించగలిగితే చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి రోల్‌కి కోవెంట్రీ మంచిది. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకు పాత కేథడ్రల్ పైకప్పు పోయింది, చుట్టూ గోడలు మిగిలాయి. పైన ఆకాశమే కాబట్టి వెలుతురుకు కొదవ లేదు. చేత్తో పట్టుకునే తీయొచ్చు. పక్కనే 1962లో ప్రారంభమైన కొత్త కేథడ్రల్ ఉంది. అందులో జాన్ పైపర్ గీసిన రంగుటద్దాల గోడ నేల నుంచి కప్పుదాకా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ రంగులన్నీ పోతాయి కదా అనిపిస్తుంది. నిజమే, అందుకే అద్దాలను వదిలేసి, అవి నేల మీద, ఎదురుగోడ మీద వేసే వెలుతురును తీయండి.

చెయ్యి తిరిగాక ఈలీ, వెల్స్, డరమ్, సాల్స్‌బరీ లాంటివాటికి వెళ్లండి. వెళ్లే ముందు రోజు వాళ్ల వెబ్‌సైట్ చూడటం తప్పనిసరి. ఒక్కో కేథడ్రల్‌కి ఒక్కో రూలు. కొన్నిచోట్ల ట్రైపాడ్‌కి ముందే అనుమతి అడగాలి, కొన్నిచోట్ల లోపలికి టికెట్ ఉంటుంది. ప్రార్థన జరుగుతున్నప్పుడు ఎక్కడైనా కెమెరా సంచీలోనే ఉండాలి. ట్రైపాడ్ కావాలంటే ఒక చిన్న మెయిల్ పెట్టండి: ఒక్కడినే వస్తాను, ఫ్లాష్ వాడను, అమ్ముకోడానికి కాదు, తలుపులు తెరిచిన మొదటి గంటలో ముగిస్తాను అని. ఇలా విడమర్చి రాస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఏ కెమెరా, ఏ ఫిల్మ్

కెమెరా గురించి ఎక్కువ ఆలోచించకండి. షట్టర్‌కి ‘బి’ సెట్టింగ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది), కెమెరాను ముట్టుకోకుండా నొక్కే కేబుల్ రిలీజ్ తగిలించే చోటు ఉన్న ఏ పాత 35 ఎంఎం ఎస్ఎల్ఆర్ అయినా సరిపోతుంది. లెన్స్ మాత్రం 28 లేదా 35 ఎంఎం ఉండాలి, లోపల 50 ఇరుకైపోతుంది. మన ఊళ్లలో స్టూడియోవాళ్లు పెళ్లిళ్లకు వాడిన యాషికా మ్యాట్ ఇంట్లో మూలన పడి ఉంటే అదీ పనికొస్తుంది. నెగటివ్ పెద్దది కాబట్టి రాతి గరుకుదనం బాగా పడుతుంది. కానీ దాని లెన్స్ మార్చలేం, విశాలమైన హాలు మొత్తం పట్టదు. దానితో మెట్లు, తలుపులు, ఒక స్తంభం మొదలు, సమాధి మీద రాతి చెయ్యి లాంటివి తీయండి.

ఫిల్మ్ రెండు రకాలు చాలు. ట్రైపాడ్ ఉంటే ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, చేతితో తీయాల్సి వస్తే హెచ్‌పీ5 ప్లస్. ఎఫ్‌పీ4 డబ్బా మీద ఫిల్మ్ స్పీడ్ 125 అని ఉంటుంది, హెచ్‌పీ5 మీద 400. అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు. రోల్‌కో కొత్త ఫిల్మ్ మారుస్తూ పోతే ఏదీ అలవాటు కాదు. కనీసం ఓ సీజన్ అంతా వీటితోనే ఉండండి. విమానంలో తెచ్చుకుంటుంటే ఫిల్మ్‌ను చేతిసంచీలోనే పెట్టి, చేత్తో చెక్ చేయమని అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను పొగచూరినట్టు చేస్తాయి.

ఏ వేళకి వెళ్లాలి

పాత కేథడ్రల్స్ దాదాపు అన్నీ తూర్పు పడమరలుగా కట్టినవే. బలిపీఠం తూర్పున, పెద్ద ముఖద్వారం పడమరన ఉంటాయి. ఇది తెలిస్తే సగం ప్లాన్ అయిపోయినట్టే. పొద్దున తూర్పు కిటికీ వెలుగుతుంది. మధ్యాహ్నం దక్షిణం వైపు పై వరుస కిటికీల నుంచి ఎండ పట్టీలు ఉత్తరపు స్తంభాల మీద పడతాయి. లోపల తీయడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేళ ఇదే.

బయట పడమటి ముఖం తీయాలంటే సాయంత్రం వెళ్లమని అందరూ చెబుతారు. రంగుల ఫొటోకి అది సరైనదే. వెల్స్ ముఖద్వారం మీద మధ్యయుగపు విగ్రహాలు వందల్లో ఉన్నాయి. సాయంత్రపు ఎండ వాటికి నేరుగా తగులుతుంది, నీడలు మాయమవుతాయి, బ్లాక్ అండ్ వైట్‌లో అంతా చదునుగా వస్తుంది. సూర్యుడు దక్షిణం దాటి అప్పుడే గోడను ఒరుసుకుంటూ వచ్చే వేళ పట్టుకోండి. ఇంగ్లండ్ వేసవిలో గడియారం గంట ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి అది ఒంటిగంట దాటాక, రెండింటి ప్రాంతంలో వస్తుంది. ఆ కాసేపూ ప్రతి విగ్రహం కిందా ఒక నీడ ఉంటుంది.

మబ్బు పట్టిందని బాధపడొద్దు, ఇంగ్లండ్‌లో అది మామూలే. మబ్బు రోజున లోపలికి వెళ్లండి. కిటికీకీ నీడకీ తేడా తగ్గుతుంది, నెగటివ్ మాట వింటుంది.

గోడలు వెనక్కి పడిపోకుండా

శిఖరం పట్టాలని కెమెరా పైకెత్తగానే గోడలు రెండూ పైన దగ్గరకొచ్చి, కట్టడం వెనక్కి ఒరిగినట్టు కనిపిస్తుంది. మందు ఒక్కటే: ఫిల్మ్ గోడకు సమాంతరంగా ఉండాలి, అంటే కెమెరా పైకీ కిందకీ వంగకూడదు. ఫ్లాష్ తగిలించే చోట పెట్టుకునే చిన్న బబుల్ లెవెల్ చవకగా దొరుకుతుంది, కొనండి.

కెమెరా వంచకపోతే పైభాగం ఫ్రేమ్‌లోకి రాదు, కింద నేల ఎక్కువ పడుతుంది. దానికి దారులున్నాయి. లెన్స్‌ను పైకి జరపగలిగే షిఫ్ట్ లెన్స్ ఉంటే సమస్యే లేదు, కానీ ఖరీదు. లేనివాళ్లు కెమెరాను నిలువుగా తిప్పి, వెడల్పు లెన్స్‌తో, లెవెల్‌గా పెట్టి తీసి, ప్రింట్‌లో కింది నేలను కత్తిరించేయండి. నెగటివ్‌లో కొంత పోతుంది, పోనివ్వండి. ఇంకా వెనక్కి జరగడం, ఎదుటి మెట్లెక్కి తీయడం కూడా మంచిదే. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ బోర్డును వంచి కొంత సరిచేయొచ్చు గానీ దాని మీద ఆధారపడకండి.

వంచాలనుకుంటే పూర్తిగా వంచండి, సగం సగం వద్దు. ఈలీలో 1322లో నడిమి గోపురం కూలిపోతే, ఆ ఖాళీలో ఎనిమిది మూలల పెద్ద గోపురం, దాని మీద చెక్కతో లాంతరు ఆకారపు శిఖరం లేపారు. 1342కల్లా ముగించారు. దాని సరిగ్గా కింద కెమెరాను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఫోకస్ అనంతానికి తిప్పి, సెల్ఫ్ టైమర్ నొక్కి పక్కకు తప్పుకోండి. ట్రైపాడ్‌తో పనిలేదు. టైమర్‌తో మామూలుగా ఒక సెకను వరకే కుదురుతుంది కాబట్టి ఇక్కడ హెచ్‌పీ5 వాడండి.

లోపలి ఎక్స్‌పోజర్

ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. వెలుతురు కొలిచే మీటర్‌ను హాలు వైపు పెడితే అది కిటికీని చూసి మోసపోతుంది, స్తంభాలు నల్లముద్దలుగా వస్తాయి. మీటర్ ఏది చూసినా దాన్ని మధ్యరకం బూడిదరంగుగా చేయాలనే చూస్తుంది. అందుకని ఏది చూపించాలో మీరే ఎంచుకోవాలి.

చీకట్లో ఉన్నా రాతి గరుకు కనిపించి తీరాలి అనుకునే చోటు ఒకటి వెతకండి. సాధారణంగా అది పక్క కమానుల వెనక గోడ అవుతుంది. చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటర్ గానీ ఫోన్‌లో మీటర్ యాప్ గానీ వాడి, ఆ చోటుని మాత్రమే కొలవండి. వచ్చిన ఎక్స్‌పోజర్‌ను రెండు స్టాప్‌లు తగ్గించండి (ఒక్కో స్టాప్ తగ్గిస్తే ఎక్స్‌పోజర్ సగమవుతుంది). మీటర్ ఆ చీకటి గోడను బూడిదరంగు చేయబోతుంది, మీకు అది ముదురుగా, వివరంతో కావాలి, అందుకే ఆ రెండు స్టాప్‌లు. మీటర్‌లో ఫిల్మ్ స్పీడ్ మాత్రం డబ్బా మీదున్న దానిలో సగం పెట్టుకోండి. ఎఫ్‌పీ4 అయితే 64, హెచ్‌పీ5 అయితే 200. కిటికీల సంగతి తర్వాత డెవలపింగ్‌లో చూసుకుందాం.

అపెర్చర్ ఎఫ్/11 దగ్గర పెట్టండి. 35 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/11లో పెట్టి, ఫోకస్ సుమారు మూడు ముప్పావు మీటర్ల దగ్గర ఉంచితే, దాదాపు రెండు మీటర్ల నుంచి చివరి కిటికీ దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/22కి మూసేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ, మొత్తం మీద పదును తగ్గుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. ఎక్స్‌పోజర్ ఒక సెకను దాటితే ఫిల్మ్ బద్ధకిస్తుంది. మీటర్ చెప్పినంత టైమ్ ఇస్తే చాలదు. ఇల్‌ఫోర్డ్ దీనికి ఒక సూత్రం ఇచ్చింది: మీటర్ చెప్పిన సెకన్లను ఒక ఘాతాంకానికి పెంచాలి. ఎఫ్‌పీ4 ప్లస్‌కి 1.26, హెచ్‌పీ5 ప్లస్‌కి 1.31. లెక్క ఫోన్ కాలిక్యులేటర్‌లో xʸ మీటతోనే అయిపోతుంది. ఎఫ్‌పీ4కి 4 సెకన్లు సుమారు 6 అవుతాయి, 10 సెకన్లు 18, 30 సెకన్లు 73. హెచ్‌పీ5కి 10 సెకన్లు 20, 30 సెకన్లు 86. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి కెమెరా వెనక అతికించుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎఫ్‌పీ4, మీటర్‌లో 64. చీకటి గోడకి ఎఫ్/11లో 32 సెకన్లు అని వచ్చింది. రెండు స్టాప్‌లు తగ్గిస్తే 8 సెకన్లు. సూత్రం ప్రకారం 8 సెకన్లు 14 అవుతాయి. 14 సెకన్లు ఇవ్వండి. వరుస మార్చొద్దు: ముందు స్టాప్‌లు తగ్గించి, ఆ తర్వాతే సూత్రం. తలకిందులు చేస్తే లెక్క పెద్దగా తప్పుతుంది.

పొడవాటి ఎక్స్‌పోజర్‌తో ఒక లాభం ఉంది. నడుస్తున్న జనం ఫిల్మ్ మీద పడరు. అర నిమిషం దాటితే హాల్లో అటూ ఇటూ తిరిగే టూరిస్టులు దాదాపుగా మాయమవుతారు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాడు. ఎవరైనా ఫ్రేమ్‌లో నిలబడిపోయి సెల్ఫీ తీసుకుంటుంటే లెన్స్ ముందు నల్లటి టోపీ అడ్డం పెట్టి, వాళ్లు కదిలాక తీసేయండి. ఆగిన సెకన్లను లెక్కలో కలపకండి.

సాల్స్‌బరీకి వెళ్తే హాల్లో 2008లో పెట్టిన నీటి తొట్టి ఉంది, విలియం పై చేసింది. అంచు దాకా నిండిన నీళ్లలో పైకప్పు కమానులు ప్రతిబింబిస్తాయి. అందరూ నీటి అంచుకి ఫోకస్ చేస్తారు, ప్రతిబింబం మసకబారుతుంది. నీళ్లలో కనిపించే కప్పు అసలు కప్పు ఉన్నంత దూరంలో ఉన్నట్టే లెక్క. ప్రతిబింబానికే ఫోకస్ చేసి, అంచు కూడా కావాలంటే ఎఫ్/16కి వెళ్లండి. ఇదొక్కచోట నా ఎఫ్/11 సలహా పక్కన పెట్టొచ్చు.

ట్రైపాడ్ వద్దన్నప్పుడు

చిన్న గుడ్డసంచీలో అర కిలో బియ్యమో పప్పో పోసి కుట్టుకోండి. దాన్ని బెంచీ వీపు మీద పెట్టి కెమెరాను అందులో కూరుకోనివ్వండి. కేబుల్ రిలీజ్ వాడితే రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగుతుంది. చెక్కడాలు, సమాధులు, పాత చెక్కసామాను మీద మాత్రం ఏదీ ఆన్చకండి. స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి వదిలి, 35 ఎంఎం లెన్స్‌తో 1/15 దాకా చాలామంది నిలబెట్టగలరు. ఒకే ఫొటోని మూడుసార్లు తీయండి, ఒకటైనా పదునుగా వస్తుంది.

బంగళాల్లో

పాత ఇళ్ల సంగతి వేరు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఇళ్లలో సొంతానికి ఫొటోలు తీసుకోనిస్తారు, కానీ లోపల ఫ్లాష్ వద్దు, ముందస్తు అనుమతి లేకుండా ట్రైపాడ్ వద్దు. పైగా కిటికీలకు తెరలు దించి ఉంచుతారు. ఎండకి పాత నేత తెరలు, పరుపులు వెలిసిపోతాయి కాబట్టి అలాంటివి ఉన్న గదుల్లో వెలుతురు సుమారు 50 లక్స్ (వెలుతురుకు కొలత) దాటకుండా చూసుకుంటారు. ఈ అంకె మీకు ఉపయోగం. 50 లక్స్ అంటే 400 స్పీడ్‌లో, ఎఫ్/2 దగ్గర దాదాపు 1/20 సెకను. ఆనుకోడానికి ఏమీ లేకుండా చేత్తో తీయడానికి కష్టం. హెచ్‌పీ5ని 1600గా లెక్కేసి తీస్తే అదే ఎఫ్/2లో 1/60 పైన వస్తుంది, హాయిగా నిలుస్తుంది. నీడలు కొంత పోతాయి, గింజ (ఫొటోలో కనిపించే సన్నని చుక్కలు) పెరుగుతుంది. ఓక్ చెక్క గోడల గదిలో ఆ గింజ నాకు బాగానే అనిపిస్తుంది. పాలరాయి, తెల్ల సున్నపు చెక్కడాలు ఉన్న హాల్లో మాత్రం వద్దు.

1590ల్లో కట్టిన హార్డ్‌విక్ హాల్ తీసుకోండి. గోడలకన్నా అద్దాలే ఎక్కువని పేరున్న ఇల్లు. అలాంటిచోట కిటికీని ఫ్రేమ్‌లో పెట్టకండి, పక్కన ఉంచుకోండి. కిటికీకి వీపు పెట్టినా ఫొటో చదునవుతుంది. కిటికీ మీ ఎడమకో కుడికో ఉండి, వెలుతురు గదిని అడ్డంగా దాటుతుంటే కుర్చీ కాళ్ల దగ్గర్నుంచీ ఆకారం వస్తుంది. అద్దాలున్న గదిలో మీ ప్రతిబింబం చూసుకోండి. గదిలో కూర్చుని ఉండే వాలంటీర్లతో మాట కలపండి. ఏ గదిలోకి ఎండ ఏ వేళకి వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ గైడుబుక్కులోనూ ఉండదు.

ఫిల్టర్ల గురించి కొంచెం

బయట తీసేటప్పుడే అవసరం. పసుపు ఫిల్టర్ నీలాకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది, ఒక స్టాప్ తింటుంది. ఎరుపు మూడు స్టాప్‌లు తింటుంది, ఆకాశాన్ని నల్లగా చేసి నాటకంలా మారుస్తుంది, నేను వాడను. చెస్టర్, లిచ్‌ఫీల్డ్ లాంటి ఎర్రరాతి కేథడ్రల్స్‌కి నారింజ ఫిల్టర్ పెడితే రాయి వెలుగు పుంజుకుంటుంది. తెల్లటి మబ్బు ఆకాశానికి ఏ ఫిల్టరూ పనిచేయదు. అప్పుడు ఆకాశాన్ని ఫ్రేమ్‌లో తగ్గించండి.

డెవలపింగ్

నీడలకు ఎక్స్‌పోజర్ ఇచ్చాం కాబట్టి కిటికీలు నెగటివ్‌లో బాగా దట్టంగా పడి ఉంటాయి. డెవలపింగ్ టైమ్ తగ్గిస్తే వాటి దట్టం తగ్గుతుంది, నీడలు పెద్దగా మారవు. హెచ్‌పీ5ని ఐడీ-11 అనే డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర మామూలుగా 13 నిమిషాలు, ఎఫ్‌పీ4ని 11 నిమిషాలు డెవలప్ చేస్తారు. ఎండపూట లోపల తీసిన రోల్‌కి ఇందులో 15 నుంచి 20 శాతం తగ్గించండి. హెచ్‌పీ5కి 11, ఎఫ్‌పీ4కి 9 దగ్గర మొదలుపెట్టొచ్చు. మబ్బు రోజు రోల్‌కి తగ్గించొద్దు. 1600గా తీసిన హెచ్‌పీ5కి కలపని ఐడీ-11లో 14 నిమిషాలు. అందుకే లోపలి ఫొటోలు, బయటి ఫొటోలు ఒకే రోల్‌లో కలపకండి, రోల్ మొత్తానికి ఒకే డెవలపింగ్ కదా. ట్యాంకును ప్రతి నిమిషం మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు నెమ్మదిగా తిప్పితే చాలు, అంతకన్నా ఊపితే కాంట్రాస్ట్ పెరుగుతుంది.

సెలవులకు ఇంటికొచ్చి మెదక్ చర్చి తీయాలనుకునేవాళ్లకు ఇక్కడ ఒక మాట. 1924 డిసెంబర్ 25న ప్రారంభోత్సవం జరిగిన ఆ కేథడ్రల్‌ని మిషనరీ చార్లెస్ పాస్నెట్ కట్టించాడు, రంగుటద్దాల కిటికీలు ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీవి. పైన చెప్పిన ఎక్స్‌పోజర్ పద్ధతంతా అక్కడా వర్తిస్తుంది. డెవలపింగ్‌తోనే టెన్షన్. ఏప్రిల్‌లో కుళాయి నీళ్లే 30 డిగ్రీలుంటాయి. పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి ఐసు ముక్కలు వేసి, డెవలపర్, ఫిక్సర్ సీసాలూ ట్యాంకూ అందులో ఉంచి 24కి దించండి. ఆ వేడికి హెచ్‌పీ5 మామూలు టైమ్ 13 నిమిషాల నుంచి 9 దగ్గరికి వస్తుంది. కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండేలా చూసుకోండి.

ప్రింట్

స్కాన్ చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ కాంట్రాస్ట్‌ని బాగా తగ్గించి, చదునుగా స్కాన్ చేసి, తర్వాత పెంచుకోండి. ఆటో మోడ్ పెడితే ఫోన్ చేసిన పనే స్కానరూ చేస్తుంది.

డార్క్‌రూమ్ ఉన్నవాళ్లు ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకోగలిగే మల్టీగ్రేడ్ కాగితం వాడండి. టెస్ట్ స్ట్రిప్‌ను కిటికీ నుంచి చీకటి గోడ దాకా అడ్డంగా వెయ్యండి, రెండూ ఒకే ముక్కలో కనిపించాలి. ముందు స్తంభాలు బాగుండే టైమ్ తేల్చుకోండి. తర్వాత నల్ల అట్టకి చిన్న కన్నం చేసి, తక్కువ కాంట్రాస్ట్ ఇచ్చే గ్రేడ్ 0 ఫిల్టర్‌తో కిటికీకి మాత్రం అదనంగా వెలుతురివ్వండి. అద్దాల మధ్య సీసపు గీతలు కనపడగానే ఆపేయాలి, ఇంకా ఇస్తే కిటికీ బూడిదరంగుకి తిరిగి వెలగడం మానేస్తుంది. ఫైబర్ కాగితం ఆరాక కాస్త ముదురుతుంది కూడా. ట్రేలో తడిగా ఉన్నప్పుడు రాయి సరిగ్గా ఉందనిపిస్తే, మర్నాటికి మురికిగా కనిపిస్తుంది. కాబట్టి మొదటి ప్రింట్‌ను రాత్రంతా ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూసి, అవసరమైతే టైమ్ పది శాతం దాకా తగ్గించి రెండోది వేయండి.